గ్యారేజీలో ఇంగువ వాసన

పెద్దాయన తలుపు తీసి గ్యారేజీలో అడుగు పెట్టగానే గ్రీజు వాసన రాలేదు. ఇంగువ వాసన వచ్చింది.

ఆయన ఖమ్మం డిపోలో ఆర్టీసీ మెకానిక్‌గా చేరి, లీడింగ్ హ్యాండ్‌గా రిటైరైన మనిషి. ముప్పై ఏళ్లకు పైగా ఆయనకి గ్యారేజీ అంటే పిట్ మీద నిలబెట్టిన బస్సు, దాని కింద రెంచి పట్టుకున్న మెకానిక్, తెల్లవారుజామున మొదటి సర్వీసు కదిలేలోగా పని తెమలాలన్న తొందర. మార్చి మొదటి వారంలో టెక్సాస్‌లోని ఫ్రిస్కోకి, కొడుకింటికి వచ్చారు. రెండు కార్లు పట్టే గ్యారేజీ ఉందని కొడుకు ఫోన్లో చాలాసార్లు చెప్పాడు. తీరా చూస్తే లోపల ఒక్క కారూ లేదు. వెనక గోడ పొడవునా వంటగట్టు, దాని మీద రెండు కాయిళ్ల కరెంటు పొయ్యి. పక్కన రెండో ఫ్రిజ్. సోనా మసూరి బస్తాలు, కాస్ట్‌కో నుంచి తెచ్చిన పేపర్ టవల్ కట్టలు, బొమ్మల కొలువు పెట్టెలు, ఇండియా ప్రయాణాల ఖాళీ సూట్‌కేసులు. చక్రాల పీటల మీద మూడు కరివేపాకు కుండీలు. రెండు బండ్లూ బయట డ్రైవ్‌వేలో మంచుకి తడుస్తున్నాయి.

"ఏందమ్మా ఇది? బండ్ల కొట్టంలో బండ్లు తప్ప అన్నీ ఉన్నాయి" అన్నారు.

కోడలిది తెనాలి. మాటకి మాట అప్పగించే ఊరు. "ఇది నా రెండో వంటిల్లు మామయ్యగారూ. ఇంట్లో చేపలు వేయించామంటే ఏసీ గొట్టాల్లో పడి ఆ వాసన పిల్లల పడగ్గదిదాకా వెళ్తుంది. రెండ్రోజులు పోదు. బండికి వాసనా లేదు, ముక్కూ లేదు. అది బయటుంటే దానికేం?"

ఆ రోజు మొదలైన వాదన మూడు వారాలు సాగింది.

ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ లాంటి తెలుగువాళ్లు ఎక్కువున్న ఊళ్లలో ఏ వీధికి వెళ్లినా ఈ దృశ్యం కనిపిస్తుంది. అయితే ఇది తెలుగువాళ్ల అలవాటే అనుకుంటే పొరపాటు. లాస్ ఏంజెలిస్‌లోని యూసీఎల్‌ఏ పరిశోధకులు 2001 నుంచి 2005 దాకా 32 మధ్యతరగతి కుటుంబాల ఇళ్లలోకి వెళ్లి, ఏ గది ఎలా వాడుతున్నారో గంటలకొద్దీ చూసి రాసుకున్నారు. 2012లో అది పుస్తకంగా వచ్చింది. ఆ ఇళ్లలో నాలుగింట మూడు వంతుల గ్యారేజీల్లో కారుకి చోటే లేదు. పక్కన పడేసిన కుర్చీలు, డబ్బాలు, పాత సామానే ఉన్నాయి. కోడలు ఈ సంగతి చెప్పినప్పుడు పెద్దాయన ఒప్పుకోలేదు. "నలుగురు చేసినంత మాత్రాన అది పద్ధతైపోతుందా? వాళ్ల గ్యారేజీలో పాత సామాను ఉంది. నీ గ్యారేజీలో రోజూ వాడే పొయ్యి ఉంది. రెండూ ఒకటి కాదు. నీది ఇంకా కష్టమైన కేసు" అన్నారు. నిజానికి అది ఆమెకి అనుకూలమైన మాట. వాడని సామాను కోసం కారుని బయటికి నెట్టడం వేరు, రోజూ రెండు గంటలు నిలబడి పనిచేసే చోటు కోసం నెట్టడం వేరు. ఆమె ఆ మాటని వదల్లేదు. "చూశారా, మీరే అన్నారు. కారు ఆగి ఉండటానికి చోటు కావాలి. నేను పని చేయడానికి కావాలి."

"ఆగి ఉండటమే దాని పని తల్లీ" అన్నారాయన.

ఆ మాటలో లెక్క ఉంది. పార్కింగు మీద జీవితమంతా పరిశోధన చేసిన డోనాల్డ్ షూప్ 2005లో అచ్చయిన తన పెద్ద పుస్తకంలో, సగటు కారు తన జీవితకాలంలో 95 శాతం ఆగే ఉంటుందని లెక్కగట్టాడు. బస్సు అలా కాదు, తిరిగితేనే దానికి డబ్బు. సొంత కారు మాత్రం రోజుకి ఇరవై రెండు, ఇరవై మూడు గంటలు ఎక్కడో ఒకచోట నిలబడి ఉంటుంది. ఆ నిలబడే చోటు ఎండలోనా, నీడలోనా అన్నదాన్ని బట్టే దాని రంగు, రబ్బరు, సీట్లు, వైపర్ల ఆయుష్షు. డాలస్‌లో 2011 వేసవిలో 71 రోజులు వంద ఫారన్‌హీట్ డిగ్రీలు దాటాయి. మన లెక్కలో 38 సెల్సియస్. పెద్దాయన బయట నిలబడ్డ మినీవ్యాన్ డ్యాష్‌బోర్డు మీద వేలు రాసి చూపించారు. వేలికి సన్నటి బూడిదరంగు పొడి అంటింది. "ప్లాస్టిక్ చచ్చిపోతోంది. ఖమ్మంలో ఎండాకాలం మా బస్సు స్టీరింగ్ మీద గుడ్డ కట్టేవాళ్లం" అన్నారు.

కోడలు అక్కడే పట్టుకుంది.

"మామయ్యగారూ, ఒక్క మాట అడుగుతాను. మీ డిపోలో రాత్రిళ్లు బస్సులు ఎక్కడుండేవి?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. "యార్డులో" అన్నారు.

"పైకప్పు ఉండేదా?"

"రిపేరు షెడ్డుకే పైకప్పు. యార్డు ఆరుబయటే. మరి అన్ని బస్సులకి కప్పు వేయడం అయ్యే పనేనా? 1999లో మా ఆర్టీసీ ప్రపంచంలోకెల్లా ఎక్కువ బస్సులున్న సంస్థగా గిన్నిస్ బుక్కెక్కింది. అన్నిటికీ నీడ ఎక్కడ తెస్తారు?"

"అంటే చోటు లేనప్పుడు బండి బయటుంటుంది. మనిషి పని లోపల జరుగుతుంది. నేనూ అదే చేశాను."

ఈ దెబ్బ గట్టిగానే తగిలింది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ మాత్రం రాళ్లవాన సంగతి తీశారు. మనవడు స్కూల్లో తుఫాను డ్రిల్లు చేశామని, వడగళ్లు ఎంతెంత ఉంటాయో టీచరు నాణేలు, బంతులు పెట్టి చూపించిందని చెప్పాడట. ఖమ్మం జిల్లాలో రాళ్లవాన అంటే మామిడి పిందె రాలడం, కల్లంలో ఆరబోసిన మిరప తడిసిపోవడం. బస్సుకి ఏమీ కాదు. ఇక్కడ అలా కాదని ఆయనకి ఆ రోజే అర్థమైంది.

ఈ వాదనలో అసలు బరువున్న విషయం ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి. గల్ఫ్ తీరం నుంచి వచ్చే తేమగాలి, పడమటి ఎడారి నుంచి వచ్చే పొడిగాలి, ఉత్తరాన్నుంచి దిగే చల్లగాలి వసంతకాలంలో ఉత్తర టెక్సాస్ మీద కలుస్తాయి. మేఘంలో పైకి తన్నే గాలి ఎంత బలంగా ఉంటే, మంచుగడ్డ అంతసేపు కింద పడకుండా పైన పేరుకుంటుంది. అమెరికా వాతావరణశాఖ 2010 నుంచి అంగుళం, అంతకన్నా ఎక్కువ వ్యాసమున్న వడగళ్లనే తీవ్రమైనవిగా లెక్కిస్తోంది. రెండు నుంచి నాలుగు అంగుళాల గడ్డ నేలకి చేరేసరికి గంటకి 44 నుంచి 72 మైళ్ల వేగంతో ఉండొచ్చు. 1995 మే 5న ఫోర్ట్‌వర్త్‌లో మేఫెస్ట్ ఉత్సవం జరుగుతుండగా సాఫ్ట్‌బాల్ అంత వడగళ్లు పడి, వందమందికి పైగా గాయపడ్డారు. నష్టం వందకోట్ల డాలర్లు దాటింది. 2016 ఏప్రిల్ 11న వైలీ ఊళ్లో ఎక్కువభాగం ఇళ్లు దెబ్బతిన్నాయి. ఫ్రిస్కో నుంచి వైలీకి కారులో గంటలోపు ప్రయాణం. 2021 ఏప్రిల్‌లో హోండో దగ్గర దొరికిన గడ్డ వ్యాసం 6.4 అంగుళాలు. టెక్సాస్‌లో అప్పటికి అదే రికార్డు. పెద్ద బత్తాయి కన్నా పెద్దది, మంచుతో చేసింది, ఆకాశం నుంచి కారు మీద పడితే ఏమవుతుందో మెకానిక్‌కి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఇన్సూరెన్సు ఉంది మామయ్యగారూ" అంది కోడలు. "లోను మీద కొన్న బండికి కాంప్రహెన్సివ్ తప్పనిసరి. వడగళ్ల సొట్టలకి వాళ్లే ఇస్తారు."

"మొత్తం ఇస్తారా?"

"మొదటి వెయ్యి డాలర్లు మనవి. మిగతాది వాళ్లది."

"ఊరంతా ఒకేరోజు సొట్టలు పడితే, మన బండి వంతు ఎప్పుడొస్తుంది?"

దానికి ఆమె దగ్గర తొందరగా జవాబు లేదు. పెద్ద రాళ్లవాన తరవాత షెడ్ల ముందు వారాలకొద్దీ వరస ఉంటుంది. ఆమె ఈ విషయాన్ని వేరే దారిలోకి తీసుకెళ్లింది. అది తేలిగ్గా తోసిపుచ్చే దారి కాదు.

"లోపల పెట్టిన బండి ప్రాణం తీసిన ఇళ్లున్నాయి. 2021 ఫిబ్రవరి 16న ఇక్కడ డాలస్‌లో సున్నాకి రెండు ఫారన్‌హీట్ డిగ్రీలు తక్కువ. కరెంటు లేదు. ఆ వారంలోనే హ్యూస్టన్‌లో ఒక ఇంట్లో చలికి తట్టుకోలేక గ్యారేజీలో కారు ఆన్ చేశారు. ఆ పొగ ఇంట్లోకి పాకి ఒకామె, ఒక చిన్నపిల్ల చనిపోయారు. మన పిల్లలు పడుకునే గది ఈ గ్యారేజీ పైనే ఉంది."

ఆమె గొంతులో ఉన్న భయం మామూలుది కాదు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు. అగ్నిప్రమాదాలతో సంబంధం లేకుండా, కేవలం ఈ వాయువు వల్లే అమెరికాలో ఏటా 400 మందికి పైగా చనిపోతున్నారని అక్కడి ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ చెబుతోంది. గ్యారేజీ తలుపు తీసి ఉన్నా లోపల ఇంజను ఆన్ చేసి ఉంచకూడదు. బటన్‌తో స్టార్టయ్యే కార్లు వచ్చాక ప్రమాదం ఇంకా పెరిగింది. హైబ్రిడ్ బండి సిగ్నల్ దగ్గర ఆగినట్టే గ్యారేజీలోనూ చప్పుడు లేకుండా ఆగిపోతుంది. దిగినవాళ్లు ఆపేశామనుకుని లోపలికి వెళ్లిపోతారు. బ్యాటరీ తగ్గగానే ఇంజను తనంతట తానే మళ్లీ మొదలవుతుంది. అలా వదిలేసిన ఇంజను ఆటోమేటిగ్గా ఆగిపోయేలా నిబంధన తెమ్మని 2021 ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ చట్టంలో అక్కడి కాంగ్రెస్ ఆదేశించాల్సి వచ్చింది.

పెద్దాయన నవ్వి తేల్చేయలేదు. "అది నిజం. మా షెడ్డుకి మూడుపక్కలా గోడల్లేవు, అందుకే ఆ భయం ఉండేది కాదు" అన్నారు. తరవాత లేచి గ్యారేజీలోకి వెళ్లి మూలనున్న వాటర్ హీటరు దగ్గర ఆగారు. అది నేల మీద లేదు, మోకాలెత్తు స్టాండు మీదుంది.

"దీన్ని ఇంత ఎత్తున ఎందుకు పెట్టారమ్మా?"

"కోడ్ అంతే మామయ్యగారూ. గ్యారేజీలో మంట వెలిగేది ఏదైనా నేలకి 18 అంగుళాల పైన ఉండాలట."

"ఎందుకో తెలుసా? పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. పొగలా పైకి లేవదు, నీళ్లలా నేలబారున పాకుతుంది. అంటే ఈ ఇల్లు కట్టినవాడికి ఇక్కడ బండి ఉంటుందని తెలుసు. బండి ఉండే గది కాబట్టే దాన్ని ఎత్తులో పెట్టాడు. ఇక్కడ వంట చేస్తారని మాత్రం అనుకోలేదు."

"పెట్రోలు బండి, నూనె బాండీ ఒక గదిలో ఉండకూడదనే కదా మీరంటున్నది? నేను అనేదీ అదే. అందుకే బండి బయటుంది."

"అందుకే బాండీ లోపలికి పోవాలి అంటాను నేను."

ఒకే నిప్పురవ్వ ఇద్దరి వాదనకీ ఆధారమైంది. ఇక్కడ న్యాయం ఎటు ఉందో చెప్పడం కష్టమేమీ కాదు. ఇంజను బండిని, పొయ్యిని ఒకే గదిలో ఉంచకూడదన్నది ఇద్దరూ ఒప్పుకున్న సత్యం. మిగిలింది ఏది కదలాలన్నదే. అయితే ఈ ఇంట్లో రెండు బండ్లలో ఒకదానికి ఇంజనే లేదు. అది టెస్లా మోడల్ వై, కొడుకుది. ఇన్ని రోజుల వాదనలో ఈ సంగతి ఎవరికీ తట్టలేదు.

తట్టించింది ఒక వైరు. ఆ బండికి 240 వోల్టుల ఛార్జరు గ్యారేజీ గోడకే బిగించి ఉంది. 24 అడుగుల కేబులు తలుపు కిందనుంచి డ్రైవ్‌వేలోకి వెళ్తుంది. ఒక రాత్రి పెద్దాయన టార్చి వేసుకుని ఆ కేబుల్ని పట్టి చూశారు. రోజూ తలుపు దిగి నొక్కేచోట నల్లటి రబ్బరు చదునై మెరుస్తోంది. తలుపు అడుగున ఉండే రబ్బరు పట్టీ ఆ ఒక్కచోట పైకి లేచి, అందులోంచి ఎలుకపిల్ల దూరేంత సందు కనబడింది. ఆయన కోడల్ని పిలిచి ఏమీ అనకుండా ఆ చోటు చూపించారు. ఆమె వంగి గోరుతో నొక్కి చూసింది. చాలాసేపు చూసింది.

"దీన్ని నేను గమనించనే లేదు మామయ్యగారూ."

"రోజూ చూసే వస్తువు కనబడదమ్మా. డిపోలో ఒకరు చూసిన బండిని ఇంకొకరు మళ్లీ చూసేది అందుకే."

అయినా ఆమె వెంటనే ఒప్పేసుకోలేదు. 2021లో షెవర్లే బోల్ట్ కరెంటు బండ్లలో బ్యాటరీ లోపం బయటపడ్డప్పుడు వాటిని ఇంటికి దూరంగా ఆరుబయట ఉంచమని కంపెనీయే చెప్పిందని గుర్తుచేసింది. 2023 సెప్టెంబరులో హ్యుందాయ్, కియా కలిసి దాదాపు 33.7 లక్షల బండ్లని వెనక్కి పిలిచి, రిపేరయ్యేదాకా బయటే నిలపమన్నాయి, అవి ఎక్కువగా పెట్రోలు బండ్లే. "అది చెడిన బండి సంగతి. చెడిన బండిని మేమూ విడిగానే నిలబెట్టేవాళ్లం. మన బండికి అలాంటి నోటీసు వచ్చిందేమో నెంబరు కొట్టి చూడమను అబ్బాయిని" అన్నారు పెద్దాయన. కొడుకు చూశాడు. ఏమీ లేదు.

ఇక టేపు బయటికి వచ్చింది. గ్యారేజీ 20 అడుగులు వెడల్పు, 20 అడుగులు పొడవు. తలుపు 16 అడుగులు. వంటగట్టు లోతు రెండడుగులు. కోడలు నడిపే సియెన్నా మినీవ్యాన్ పొడవు దాదాపు 17 అడుగులు. గట్టు ఉండగా అది లోపలికి వస్తే ముందూ వెనకా కలిపి మిగిలేది ఒక్క అడుగు. మోడల్ వై పొడవు పదిహేనున్నర అడుగులు. గట్టు తీయకపోయినా దానికి రెండున్నర అడుగుల చోటుంటుంది. పైగా దాని నెత్తి మీద మొత్తం అద్దమే. రాళ్లవానకి అద్దం కప్పు బయటుండటం కన్నా రేకు కప్పు బయటుండటం నయం.

ఈ లెక్క ముందు పెట్టుకున్నాక వాదన మర్యాదగా మారింది. గట్టుని సగానికి కోసి, సగాన్ని ఫ్రిజ్ ఉన్న వైపుకి జరపాలని పెద్దాయన. పొయ్యి ముందు బండి ఉండగా నూనె చిమ్మితే ఎవరిది బాధ్యతని కోడలు. మధ్యలో ఆరడుగుల ఎడం ఉంటుందని, పొయ్యి అటు గోడకి తిరుగుతుందని ఆయన. సామాను ఎక్కడికి పోవాలన్నది మరో రెండురోజుల చర్చ. సూట్‌కేసులు ఒకదాంట్లో ఒకటి పెడితే సగమయ్యాయి. కొలువు పెట్టెలు అటక మీదకి ఎక్కకూడదని ఆమె పట్టు, టెక్సాస్ అటక వేసవిలో పొయ్యిలా కాలుతుంది, లక్క బొమ్మలు కరిగిపోతాయి. అది ఆయన వెంటనే ఒప్పుకున్నారు. బస్తాలు జరుపుతుంటే ఒకటి తలుపు పక్కకి ఒరిగి, నేలకి జానెడు లోపు ఎత్తులో ఉండే సెన్సరు కన్నుకి అడ్డుపడింది. తలుపు సగం దిగి మళ్లీ పైకి లేచింది. 1993 నుంచి అమెరికాలో తయారయ్యే ప్రతి ఆటోమేటిక్ గ్యారేజీ తలుపుకీ పిల్లలు నలగకుండా ఇలాంటి జాగ్రత్త ఉండాలన్నది చట్టం. పెద్దాయన మూడుసార్లు కాలు అడ్డుపెట్టి, మూడుసార్లూ తలుపు ఆగడం చూసి, "ఇది మంచి పని చేశారు" అన్నారు.

కరివేపాకు కుండీల దగ్గర మాత్రం ఆయన ఒక్కమాట కూడా అనలేదు. 2021 చలిలో ఆ మూడు కుండీల్నీ గ్యారేజీలోంచి కూడా తీసి, వంటింట్లో దుప్పటి కప్పి బతికించుకున్నారని కొడుకు చెప్పాడు. కాండం బొటనవేలంత లావైంది. ఉత్తర టెక్సాస్‌లో మార్చి మధ్యకల్లా గడ్డకట్టే చలి దాదాపుగా వెళ్లిపోతుంది. అప్పటినుంచి నవంబరు దాకా కుండీలు ఎండలో ఉండొచ్చు. అంటే వడగళ్లు మొదలయ్యే నెలలోనే ఆ చోటు ఖాళీ అవుతుంది. ఉత్తర టెక్సాస్‌లో మార్చి నుంచి జూన్ దాకా ఒక్క బండికైనా పైన కప్పు ఉండాల్సిందే, ఆ విషయంలో పెద్దాయన మాటే సరైనది. అయితే ఆ ఒక్క బండి ఏదన్నది ఆయన ఒక్కరే తేల్చగలిగేవారు కాదు. ఆమె ఆ పొగ భయం చెప్పకపోతే, పెద్దదని మినీవ్యాన్‌నే లోపలికి తోసేవారు.

మార్చి చివరి శనివారం కుండీలు పెరట్లోకి వెళ్లాయి. పెద్దాయన పైకప్పు దూలానికి సన్నటి తాడు కట్టి, మనవడి టెన్నిస్ బంతికి రంధ్రం చేసి దాని కొసకి వేలాడదీశారు. కొడుకు బండిని నెమ్మదిగా లోపలికి తెచ్చాడు. బంతి ముందద్దాన్ని తాకి ఆగింది. బండి ఎక్కడ ఆగాలో ఇక రోజూ ఆ బంతే చెబుతుంది. తలుపు దిగింది, రబ్బరు పట్టీ నేలకి అంటింది, సందు లేదు.

కోడలు డ్రైవ్‌వేలో ఒంటరిగా నిలబడ్డ తన మినీవ్యాన్ వైపు చూసింది. "పిల్లల్ని రోజూ తిప్పేది ఆ బండి మామయ్యగారూ. రాళ్లు పడితే ముందు దాని మీదే పడతాయి."

పెద్దాయన టేపు మళ్లీ జేబులోంచి తీశారు. కుండీలు వెళ్లిపోయిన ఖాళీలో దాని కొసని మనవడి చేతికిచ్చి, గోడదాకా వెళ్లి నిలబడమన్నారు.